ముప్పై ఏడుగురూ పాసే

మా బావ వెబ్‌సైట్లు కట్టడు. ఎవరో కట్టి, చేతులు దులుపుకుని వెళ్లిపోయిన వాటిని బాగుచేస్తాడు. ఇంకొకరు కట్టిన ఇంట్లో చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో గోడ మీద వేళ్లతో కొట్టి వెతికే మేస్త్రీలు ఉంటారే, ఆ రకం. "కట్టినవాడి పేరు పేజీ అడుగున ఉంటుంది, బాగుచేసేవాడి పేరు తిట్లలో ఉంటుంది" అంటాడు. బాధగా ఏమీ అనడు. ఆ మాట అన్నాక టీ తాగుతాడు.

గొడుగులు బాగుచేసే కొట్టు పైన ఒకటే గది ఆయన ఆఫీసు. పక్కగదిలో పళ్ల డాక్టరు. అవతల డ్రిల్లు మొదలైనప్పుడల్లా మా బావ కీబోర్డు మీంచి చేతులు తీసేసి దవడ పట్టుకుంటాడు. పదహారేళ్లుగా అదే గది, అదే దవడ.

ఆయన రోజంతా కుస్తీ పట్టేది టెంప్లేట్లతో. టెంప్లేట్ అంటే పేజీకి అచ్చు లాంటిది. అందులో ఖాళీలుంటాయి, కంప్యూటర్ వాటిలో పేర్లూ తేదీలూ నింపుతుంది. మధ్యమధ్య షరతులుంటాయి. ఇలా అయితే ఇది చూపించు, కాకపోతే అది చూపించు అని. వాటిని ఆయన కండిషన్లంటాడు. మా అక్క అలకలంటుంది. "ఇలా అయితే వస్తాను, లేకపోతే రాను అని కూర్చునేవాటిని ఇంకేమంటార్రా?" అని నన్నే అడిగింది.

కండిషన్ ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి మా బావకి ఒక పద్ధతి ఉంది. కండిషన్ నిజమైతే పేజీలో "మా ఆవిడ మాట నెగ్గింది" అని వచ్చేలా, అబద్ధమైతే "నా మాట నెగ్గింది" అని వచ్చేలా రెండు గుర్తులు పెడతాడు. అలాంటి వాక్యాలు మామూలు సైటులో ఎక్కడా ఉండవు కాబట్టి తర్వాత వెతికి తీసెయ్యడం తేలిక అని ఆయన వాదన. వాదన బాగానే ఉంది, వెతకడమే ఒక్కోసారి మర్చిపోతాడు. ఒకసారి పక్కగది డాక్టరుగారి సైటులో గుర్తు మిగిలిపోయింది. సోమవారం ఆస్పత్రి ఉందా లేదా అని చూడబోయిన పంటినొప్పుల వాళ్లందరికీ "మా ఆవిడ మాట నెగ్గింది" అని కనిపించింది. డాక్టరుగారి భార్య దాన్ని ఇంకో వారం ఉంచమని కబురు పంపింది.

ఇక మా అక్క. ఏభైకి రెండేళ్లు తక్కువ. ఇంటి ముందు బూడిదరంగు గుడ్డ కప్పుకుని ఒక పాత కారు రెండేళ్లుగా కూర్చుని ఉంది. దాన్ని కొన్నది అక్క. నడపడం నేర్చుకుంటున్నది కూడా అక్కే. బావకి నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. "నేను కూర్చునే పని చేస్తాను" అని ముందే చెప్పేశాడు.

మా ఊళ్లో పరీక్ష పెట్టి లైసెన్సు కార్డు ఇచ్చేది డ్రైవింగ్ స్కూలు వాళ్లే. ఆ పరీక్షలో అక్క నాలుగుసార్లు తప్పింది. మొదటిసారి బండి ముందుకు వెళ్లాల్సింది వెనక్కి వెళ్లింది. రెండోసారి పచ్చదీపం దగ్గర ఆగిపోయింది, అది పచ్చో కాదో నమ్మకం కుదరక. మూడోసారీ నాలుగోసారీ తప్పు ఒకటే. మలుపులో అద్దం చూసింది. చూడకపోవడం కాదు, చూసింది. కాకపోతే చక్రం తిప్పేశాక చూసింది.

నాలుగోసారి తప్పాక ఒకరోజు భోజనాల దగ్గర మా బావ, కంచంలోకి చూస్తూ, "ఐదోసారి ఎందుకులే, బస్సులున్నాయిగా" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ ఇంట్లో గరిటెల చప్పుడు తప్ప మాట వినపడలేదు. మూడోరోజు అక్క వెళ్లి ఐదోసారి పరీక్షకి పేరు రాయించుకుని వచ్చింది.

ఆ వారం నేను అక్క వాళ్లింట్లోనే ఉన్నాను. మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ఆ వాసన పడక మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది, నేను నా పుట్టింటి మనిషి దగ్గరికి వచ్చాను. గురువారం అక్క పరీక్ష అయింది. ఎలా చేశావంటే చెప్పలేదు. శుక్రవారం ఉదయం పదింటికి స్కూలు సైటులో ఫలితాలు పెడతారు. ఆ సైటు చూసుకునేది మా బావే. అప్పటికే ఆయన ఆఫీసుకి వెళ్లిపోయాడు.

పది కొట్టగానే వంటింట్లోంచి ఒక కేక. పాలు పొంగాయేమో అనుకుని పరుగెత్తాను. అక్క ఫోను రెండు చేతుల్తో పట్టుకుని గ్యాసు పొయ్యికి చూపిస్తోంది.

"పాస్ రా! ఇదిగో చూడు, ఇరవై ఆరు! పచ్చ టిక్కు!"

నిజమే. ఇరవై ఆరో నంబరు పక్కన "ఉత్తీర్ణులయ్యారు" అని పచ్చటి టిక్కు.

"మీ బావకి ఫోన్ చేస్తుంటే ఎత్తడే! ఆ పళ్లాయన డ్రిల్లు పెట్టుంటాడు." ఎదురుచూసే ఓపిక లేక మా పిన్నికి చేసింది. "పిన్నీ, ఆదివారం నిన్ను నేనే తీసుకెళ్తాను. ఆ, నేనే! బస్సు లేదు గిస్సు లేదు, గుమ్మం ముందు ఎక్కడం, గుమ్మం ముందు దిగడం."

ఆదివారం మేమందరం పిన్ని కూతురు కొత్తగా దిగిన ఇల్లు చూడ్డానికి వెళ్లాలి. ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. పిన్నికి మోకాళ్లు నొప్పులు. కాబట్టి అది చిన్న వాగ్దానమేమీ కాదు. ఆ తర్వాత మా పెద్దన్నయ్యకి, వదినకి, కుట్టుమిషను నేర్పే స్నేహితురాలికి, ఎదురింటావిడకి ఫోన్లు వెళ్లాయి. ఎదురింటావిడ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, అయినా ఫోనే చేసింది.

పదిన్నరకి నా చేతిలో బావ క్యారేజీ పెట్టింది. "నువ్వే చెప్పు. చెప్పేటప్పుడు ఆయన మొహం ఎలా పెట్టాడో సరిగ్గా చూసి రా. కనుబొమలతో సహా."

నేను మెట్లెక్కేసరికి బావ ఫోనులో ఉన్నాడు. అవతల డ్రైవింగ్ స్కూలు మేడమ్. ఆవిడ గొంతుకి స్పీకరు అక్కర్లేదు.

"అందరూ పాసయ్యారండీ!"

"సంతోషమండీ" అన్నాడు బావ.

"సంతోషమేంటండీ మీ మొహం! ముప్పై ఏడుగురూ పాసే! పూలకుండీలు గుద్దినాయన పాస్. అసలు పరీక్షకే రానాయన పాస్! సాయంత్రం ఐదింటికి మీ సైటులోంచే కార్డులు అచ్చయిపోతాయి. వీళ్లందరూ రోడ్డెక్కేస్తారు. ఆ కుండీలాయన మా వీధిలోనే ఉంటాడండీ!"

"ఐదులోపు చూస్తానండీ."

బావ ఫోను పెట్టేశాడు. నేను గుమ్మంలో క్యారేజీ పట్టుకుని నించున్నాను. అంతా విన్నాక కూడా, నా బుద్ధి చూడండి, వచ్చిన పని నోట్లోంచి దొర్లిపోయింది.

"బావా, అక్క పాసయింది."

ఆయన నావైపు చూశాడు. కనుబొమలు కదల్లేదు. మిగతా మొహమంతా మెల్లగా కిందికి జారింది.

"ఎవరెవరికి చెప్పింది?"

చెప్పాను. ఎదురింటావిడ పేరు వచ్చేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అంటే ఊరంతా అయిపోయినట్టే."

అప్పటికి నాకూ పూర్తిగా అర్థమైంది. పరీక్షకి రానివాడితో పాటు వచ్చిన పాసు అది. బావ తప్పు సరిచేస్తే పచ్చ టిక్కులు రాలిపోతాయి. అక్కది ఉంటుందో పోతుందో తెలీదు. సరిచెయ్యకపోతే కుండీలాయన రోడ్డెక్కుతాడు.

"అసలు మార్కులు కంప్యూటర్లోనే ఉంటాయి కదా బావా? ఒక్కసారి ఇరవై ఆరో వరస తీసి చూస్తే పోలేదా?"

"చూడొచ్చు. అందుకే చూడను" అన్నాడు. "చూశాక తప్పిందని తెలిసిందనుకో, అక్క ఇప్పుడు ఫోన్ చేస్తే నేనేం మాట్లాడను? నా గొంతు నీకు తెలీదా? హలో అన్నప్పుడే పట్టేస్తుంది. ముందు మిషను సంగతి తేల్చనీ. మొదటి మూడు వరసలతోనే చూస్తాను. నాలుగోదాని జోలికి పోను."

అదృష్టవశాత్తూ పరీక్షకి రానాయనది ఒకటో నంబరు. కుండీలాయనది మూడు. మధ్యలో రెండో నంబరావిడ ఇరవయ్యేళ్లుగా లారీ నడుపుతోంది, కార్డు పాతబడితే కొత్తది తీసుకోవడానికి వచ్చింది. వీళ్ల ముగ్గురినీ ముందు పెట్టుకుని బావ పనిలోకి దిగాడు.

ఆ సైటులో ఏర్పాటు చాలా మామూలుది. పరీక్ష పెట్టే మాస్టారు పాసైనవాళ్ల గడిలో "పా" అని రాస్తారు. తప్పినవాళ్ల గడి ఖాళీగా వదిలేస్తారు. గడిలో ఏదైనా ఉంటే పచ్చ టిక్కు, ఖాళీగా ఉంటే "మళ్లీ ప్రయత్నించండి." కండిషన్ అంతే. రెండేళ్లుగా నడుస్తోంది.

బావ తన రెండు గుర్తులూ పెట్టి పేజీ తెరిచాడు. ముగ్గురి పక్కనా "మా ఆవిడ మాట నెగ్గింది."

"అంటే గడిలో ఏదో ఉందనుకుంటోంది" అన్నాడు. "సరే, ఏముందో చూపించమందాం." ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు పక్కనే అచ్చయ్యేలా ఇంకో లైను రాశాడు. రానాయన పక్కన ఖాళీ. లారీ ఆవిడ పక్కన "పా." కుండీలాయన పక్కన ఖాళీ. అంతా సరిగ్గానే ఉంది. అయినా ముగ్గురి పక్కనా మా ఆవిడ మాటే నెగ్గుతోంది.

బావ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, కిందికి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "చూస్తే ఖాళీ. అడిగితే ఖాళీ కాదంటుంది. ఇదేం చోద్యం?"

పక్కగదిలో డ్రిల్లు మొదలైంది. బావ దవడ పట్టుకున్నాడు. ఆ చప్పుడు ఆగేదాకా మేమిద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం. ఇద్దరికీ పంటినొప్పి వచ్చినట్టే ఉంది.

ఆగాక ఆయన కండిషన్ మార్చాడు. గడిలో ఏదైనా ఉంటే అని కాకుండా, గడిలో ఖచ్చితంగా "పా" అని ఉంటేనే నిజం అనుకొమ్మని రాశాడు. ఈసారి ముగ్గురి పక్కనా "నా మాట నెగ్గింది" అని వచ్చింది. పాపం లారీ ఆవిడ కూడా తప్పింది.

"పోనీ, ముప్పై ఏడుగురికీ అలాగే వస్తోందా?" అన్నాను.

"మూడే అన్నానా?" అని కసిరాడు గానీ, కసిరేలోపే ఆయన వేలు పొరపాటున, మూడు వరసలే చూపించమన్న పరిమితిని తీసేసింది. తెర నిండా పైనుంచి కిందిదాకా "నా మాట నెగ్గింది, నా మాట నెగ్గింది." ముప్పై ఏడుసార్లు. మా బావ ఒక క్షణం పనీ పాటా మర్చిపోయి దాని వంక అలాగే చూశాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆయనకి ఆ దృశ్యం కొత్త.

ఆ క్షణంలోనే ఫోను మోగింది. అక్క.

"ఏవండీ, నా నంబరు పక్కన టిక్కు పోయింది. 'నా మాట నెగ్గింది' అని ఉంది. ఎవరి మాట?"

బావ తెర వంక చూశాడు. దాని మీద ఎప్పుడూ రెండు కిటికీలు తెరిచి ఉంటాయి. ఒకటి అసలు సైటు, రెండోది అచ్చం అలాగే ఉండే నమూనా సైటు. ప్రయోగాలన్నీ నమూనాలో చెయ్యాలి. ఆయన పొద్దుటినుంచీ చేస్తున్నది అసలుదాంట్లో.

"అది... నీకొక్కదానికే కాదు. అందరికీ అలాగే ఉంది."

"అందరి మీదా మీ మాటే నెగ్గిందా?"

"అబ్బే, అది పనిలో భాగం."

"ఐదోసారి ఎందుకులే అన్నారుగా. ఇప్పుడు మీ మాటే నెగ్గింది. సరే." ఫోను పెట్టేసింది.

పెట్టెయ్యగానే మేడమ్ ఫోను. "మా సైటులో ఎవరిదో మాట నెగ్గిందటండీ! ఒకటే ఫోన్లు! ఆ పరీక్షకి రానాయన అడుగుతున్నాడు, 'నా మాట నెగ్గిందంటే పాసైనట్టేగా?' అని. ఏం చెప్పమంటారు?"

"రాలేదు కదా, ఏ మాటైనా ఆయనకి ఒకటేనని చెప్పండి" అని, బావ హడావిడిగా గుర్తులన్నీ తీసేసి, సైటు మీద "మరమ్మతు జరుగుతోంది" అని బోర్డు పెట్టాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. క్యారేజీ మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేశాడు.

అప్పుడు వచ్చింది మూడో ఫోను. పిన్ని.

"అల్లుడుగారూ, ఆదివారం ఎన్నింటికి సిద్ధంగా ఉండమంటారు? అమ్మాయి తొమ్మిదంది. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు."

ఇక్కడ బావ ఆలోచించి ఉండాల్సింది. చూస్తానండీ అంటే సరిపోయేది. నేను చేత్తో సైగ కూడా చేశాను. కానీ ఆయనకి అంతకుముందే రెండు చీవాట్లు పడ్డాయి, మూడోచోటైనా నిజాయితీగా ఉందామనుకున్నాడు కాబోలు.

"అత్తయ్యగారూ, ఒక మాట. ఆ పాసు కంప్యూటర్ పొరపాటు. అందరికీ వచ్చింది. మీరు అమ్మాయితో ఏమీ అనకండి గానీ, ఆదివారానికి బస్సు టైములు చూసి ఉంచుకోండి."

"అయ్యో! మళ్లీ తప్పిందా పిల్ల?"

"అంటే... అలాంటిదే."

ఫోను పెట్టాక నేను క్యారేజీ ఆయన ముందుకి జరిపాను. ఆయనే అన్నాడు. "ఏం? అబద్ధం చెప్పానా? నాలుగుసార్లు తప్పింది కదా."

"ఐదోది నువ్వు చూడలేదు కదా బావా."

ఆయన కీబోర్డు ముందు వంగాడు. ఏమీ అనొద్దన్న మాట పిన్ని ఎంత బాగా పాటిస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంగతి గుర్తొచ్చి ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను.

రెండున్నరకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. అక్క. బస్సులో వచ్చింది. ఏడ్చిన మొహం కాదు, అరిచే మొహం కూడా కాదు. వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. క్యారేజీ వంక చూసింది.

"ఇంకా తినలేదా?"

"లేదు."

"తినండి."

బావ తినడం మొదలుపెట్టాడు. రుచి తెలిసి తింటున్నట్టు లేదు.

"పిన్ని ఫోన్ చేసింది" అంది అక్క. "నన్ను ఓదార్చింది. జీవితంలో కార్లే ముఖ్యం కాదంది. తన మోకాళ్ల గురించి బెంగపెట్టుకోవద్దంది."

బావకి పొలమారింది. నేను నీళ్లందించాను.

"సరే, ఇప్పుడు చెప్పండి. తప్పు మీ మిషనుదా, నాదా?"

"మిషనుది ఒకటుంది. నీది నాకు తెలీదు. నేను చూడలేదు."

"చూడకుండానే పిన్నికి బస్సు టైములు చూసుకోమన్నారా?"

బావ ఒక కాగితం తీసుకుని ఆవిడకి మిషను సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. అదొక తప్పించుకునే దారి. కానీ చెప్తూ చెప్తూ ఆయన దాంట్లో పడిపోయాడు. "ఇదిగో, ఇది గడి. దీంట్లో ఏముందో అచ్చు వెయ్యమంటే సరిగ్గా వేస్తుంది. ఖాళీ అయితే ఖాళీ అనే చూపిస్తుంది. కానీ కండిషన్ మాత్రం నిండి ఉందంటుంది. చూడ్డం సరిగ్గా చూస్తోంది, తీర్పు మాత్రం తప్పు చెప్తోంది. పొద్దుటినుంచీ ఇదే."

అక్క కాగితం వంక చూసింది.

"చూడ్డం ఎప్పుడు చూస్తోంది?"

"అంటే?"

"మాస్టారు నన్ను రెండుసార్లు తప్పించింది దేనికి? అద్దం చూడలేదని కాదు. చూశావమ్మా, కానీ తిప్పేశాక చూశావు, అప్పుడు చూసి ఏం లాభం అన్నారు. మీ మిషను కూడా ముందు తిప్పేసి, తర్వాత చూసుకుంటోందేమో."

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. దాన్ని మెల్లగా క్యారేజీలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి, ఎడమచేత్తోనే టకటకా కొట్టడం మొదలుపెట్టాడు.

సంగతేమిటంటే, పోయిన వారం ఆయనే ఒక సర్దుడు సర్దాడు. ఫలితాల జాబితా మూడు పేజీల్లో మూడుసార్లు ఉంటే, చూడ్డానికి బాగోలేదని దాన్ని తీసి ఒక చిన్న పేజీలో పెట్టి, మిగతా పేజీలు దాన్ని పిలుచుకునేలా చేశాడు. అక్కడే వచ్చింది చిక్కు. కంప్యూటర్ ముందు పెద్ద పేజీలోని కండిషన్లన్నీ తేల్చేస్తుంది. చిన్న పేజీ నుంచి గడులు నిండేది ఆ తర్వాత. కండిషన్ అడిగేటప్పటికి గడిలో మాస్టారి "పా" ఉండదు, ఖాళీ కూడా ఉండదు. "ఇక్కడ ఫలితం వస్తుంది" అనే చీటీ మాత్రం అంటించి ఉంటుంది. ఏదైనా ఉందా అంటే చీటీ ఉంది కాబట్టి ఉందంటుంది, అందుకే ముప్పై ఏడుగురూ పాస్. "పా" ఉందా అంటే ఉన్నది చీటీ కాబట్టి లేదంటుంది, అందుకే ముప్పై ఏడుగురూ ఫెయిల్. మనం కళ్లతో చూసేసరికి చీటీ పోయి అసలుది వచ్చేస్తుంది. అందుకే అచ్చులో అంతా సవ్యంగా కనిపించింది.

"నేనే చేశాను" అన్నాడు బావ. "సైటు కట్టినాయన్ని పొద్దుటినుంచీ నాలుగుసార్లు తిట్టాను కూడా."

ఒక లైను కత్తిరించి, చిన్న పేజీలో గడులు నిండిన తర్వాత అడిగేచోట అతికించాడు. పదకొండింటి నుంచి పట్టిన పని అరనిమిషంలో అయిపోయింది. ఈసారి నమూనా సైటులో చేశాడు. అది నమూనాయేనని రెండుసార్లు మా ఇద్దరిచేతా చెప్పించుకున్నాడు. రానాయన, "మళ్లీ ప్రయత్నించండి." లారీ ఆవిడ, పచ్చ టిక్కు. కుండీలాయన, "మళ్లీ ప్రయత్నించండి."

"అయిపోయింది" అన్నాడు. కానీ వరసల పరిమితి తియ్యలేదు. మూడు వరసలే చూపిస్తూ తెర అలాగే ఉంది. గోడ గడియారంలో మూడూ నలభై.

"తియ్యండి" అంది అక్క.

"ఇదిగో, ముందొక మాట..."

"తియ్యండీ."

తీశాడు. తీసి, అరచెయ్యి తెర మీద అడ్డం పెట్టేశాడు. సరిగ్గా ఇరవై ఆరో వరస మీద. చేతికి అన్నం మెతుకులున్నాయి.

"నేనే చెప్పనా?" అంది అక్క. గొంతు తగ్గింది. "ఆఖరి మలుపు దాకా బాగానే నడిపాను. ఆఖరి మలుపులో అద్దం చూశాను. చూశానని తెలుసు. కానీ ముందు చూశానా, తర్వాత చూశానా, రాత్రంతా గుర్తు చేసుకున్నా గుర్తు రావట్లేదు. పొద్దున టిక్కు చూసి ముందే చూశాననుకున్నాను. అందుకే అన్ని ఫోన్లు చేశాను." స్టూలు ముందుకి జరుపుకుని, "ఇప్పుడు చెయ్యి తియ్యండి" అంది.

బావ చెయ్యి తీశాడు. తెర మీద రెండు మెతుకులు మిగిలాయి. వాటి కింద పచ్చ టిక్కు.

అక్క లేచి, దగ్గరికి వంగి, చీర కొంగుతో మెతుకులు తుడిచి మళ్లీ చూసింది. టిక్కు పోలేదు. పక్కనే మాస్టారి వ్యాఖ్య ఉంది. "ప్రతి మలుపుకీ ముందే అద్దం చూస్తున్నారు. మలుపు లేనిచోట కూడా చూస్తున్నారు. తగ్గించుకుంటే మంచిది. పాస్."

ముప్పై ఏడుగురిలో పధ్నాలుగుమంది పాస్. అందులో మా అక్క ఒకతె.

నేను చప్పట్లు కొట్టబోయాను. అక్క మొహం చూసి చేతులు దించేశాను. సంతోషం వచ్చింది, కానీ దాని ముందు ఇంకేదో నించుని ఉంది.

"నాలుగుసార్లు తప్పాను కాబట్టి ఐదోసారీ తప్పుంటాననుకున్నారు" అంది బావతో. అరవలేదు. "మిషనుకైతే గడిలో చీటీ ఉంది పాపం, అది చూసి మోసపోయింది. మీరు ఏం చూసి అనుకున్నారు?"

పక్కగదిలో డ్రిల్లు మొదలైంది. బావ దవడ పట్టుకోలేదు. అంతకంటే పెద్ద నొప్పిలో ఉన్నాడు.

"తప్పయిపోయింది" అన్నాడు డ్రిల్లు ఆగాక. "అత్తయ్యగారికి నేనే చేస్తాను." చేశాడు కూడా, మా ఎదురుగానే. "అత్తయ్యగారూ, పాసయింది. కంప్యూటర్ పొరపాటు కాదు, నాది. అవును, నాదే. నా ఒక్కడిదే. మీ అన్నయ్యగారబ్బాయికి కూడా చెప్పారా? ఆయనకీ నేనే చేస్తాను. ఆవిడకీ చెప్పారా? సరే, నంబరివ్వండి." పిన్ని మధ్యాహ్నం రెండుగంటల్లో తొమ్మిదిమందికి చెప్పింది. బావ తొమ్మిదిమందికీ ఫోన్ చేశాడు. అక్క ఒక్కొక్క ఫోనూ వింటూ, మిగిలిన క్యారేజీ తనే తినేసింది.

ఐదింటికి ముగ్గురం డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాం. కార్డులు అచ్చవుతున్నాయి. పధ్నాలుగే. మేడమ్ బల్ల మీద నిగనిగలాడే కొత్త పూలకుండీ ఉంది. పొద్దున టిక్కు చూసిన కుండీలాయన సంతోషంతో కొని తెచ్చాడట. ఇప్పుడు ఆయన బల్లకి ఇవతల చేతులు నలుపుకుంటూ నించున్నాడు.

"మరి కుండీ వెనక్కి తీసుకెళ్తారా?" అని మొహమాటంగా అడిగింది మేడమ్.

"ఉంచండమ్మా" అన్నాడాయన పెద్దమనసుతో. "వచ్చేసారి గుద్దడానికి ఉంటుంది."

అక్క కార్డు అందుకుంది. వేడివేడిగా ఉంది. దాని మీద ఫోటోలో కళ్లు కొంచెం పక్కకి తిరిగి ఉన్నాయి, అక్కడ కూడా అద్దం వెతుకుతున్నట్టు. బస్సెక్కి ఇంటికొచ్చాం. దారంతా ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అక్క డ్రైవరు వంక పరీక్షగా చూసింది.

ఇంటి ముందు దిగగానే లోపలికి వెళ్లలేదు. బూడిదరంగు గుడ్డ కొస పట్టుకుని లాగింది. రెండేళ్ల దుమ్ము లేచి మా ముగ్గురి మీదా పడింది. పక్కింటి మెకానిక్కు వారానికోసారి గుడ్డ ఓ పక్క ఎత్తి, ఇంజిన్ వేసి ఆపుతుంటాడు కాబట్టి బండి బతికే ఉంది.

"ఎక్కండి" అంది బావతో. "ముందు సీట్లో."

"ఆదివారం అందరితో కలిసి..."

"ఆదివారం పిన్ని ముందు కూర్చుంటుంది. ఈరోజు మీరు."

బావ ఎక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక దాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నేను వెనక ఎక్కాను. ఎదురింటావిడ కిటికీలో కనిపించింది, ఈసారి ఫోను చెవి దగ్గరే ఉంది.

నాలుగు వీధులు తిరిగాం. అక్క అద్దం చూసింది, మలుపు దీపం వేసింది, తిప్పింది. ఒక్కోచోట తిప్పడానికి ఏమీ లేకపోయినా అద్దం చూసింది. ఒక వీధిలో పిల్లి అడ్డం వస్తే ఆపింది. పిల్లి వెళ్లిపోయాక కూడా, దాని వెనక ఇంకోటి వస్తుందేమోనని కాసేపు ఆగింది. వెనకాల స్కూటరాయన హారన్ కొడితే అద్దంలోంచి ఆయన వంక ఒక చూపు చూసింది. మళ్లీ కొట్టలేదు. బావ కుడికాలు మాత్రం లేని బ్రేకుని రెండుసార్లు తొక్కింది. అక్క అదీ చూసింది.

చివరికి ఇంటికి చేరాం. ఇక గోడకీ మెకానిక్కు స్కూటరుకీ మధ్య బండిని వెనక్కి పెట్టాలి. అక్క ఆపింది. ఎడమ అద్దం, కుడి అద్దం, నడిమి అద్దం, ఆ తర్వాత తల తిప్పి నన్ను కూడా చూసింది. అంగుళం అంగుళం వెనక్కి వచ్చింది. గోడ దగ్గరికి వచ్చింది, స్కూటరు దగ్గరికి వచ్చింది. ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. బండి నిలబడింది.

బావ గుండెల్నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పట్టుకున్న బెల్టు వదిలి, మొహమంతా వెలిగిపోతూ అక్క వైపు తిరిగాడు. "ఎంత బాగా..."

"ఆగండి" అంది అక్క. "ఇంకా ఇంజిన్ ఆపలేదు."

బావ టక్కున నోరు మూసుకుని నిటారుగా కూర్చున్నాడు. అక్క గేరు తీసింది. బ్రేకు పైకి లాగింది. దీపాలు ఆర్పింది. తాళంచెవి తిప్పింది. ఇంజిన్ ఒకసారి వణికి ఊరుకుంది. తాళంచెవి తీసి చేతిసంచిలో వేసుకుంది, సంచి జిప్పు పెట్టింది. అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి."

బావ చెప్పాడు. రెండోసారి కూడా చెప్పమంది. ఆ రెండోసారికి నేను వెనక తలుపు తీసుకుని, చప్పుడు కాకుండా దిగిపోయాను.